దడి

ఆగస్టు మంచులో తల్లి తన్నేసిన గొర్రెపిల్ల.
బీరు సీసాకి రబ్బరు పీక తొడిగి
పొయ్యి పక్కన పాలు పట్టింది మా ఎల్స్‌పెత్.
పేరు పెట్టొద్దన్నాను. పెట్టలేదు.
"ఒరేయ్" అంటే చాలు, పరిగెత్తుకొచ్చేది.

గుమ్మం దగ్గర రోజ్‌మేరీ పొదని
మోకాలెత్తు దాకా కొరికేసింది.
తిట్టాను. దడి కట్టాను.
దడినీ కొరికింది.

టాస్మేనియా, డిసెంబరు ఎండ. క్రిస్మస్ పొద్దున
వెనక కాలికి కత్తిమొనతో గాట్లు పెట్టి
వెల్లుల్లి కుక్కి,
రెండు కొమ్మల కోసం బయటికెళ్లాను.
కింద అంతా మోడు.
దాని నోటికందని పైరెబ్బలే మిగిలాయి.

ఐదు గంటలు ఓవెన్లో మగ్గింది.
వాసన ఎంత బావుందో అని ఎవరూ అనలేదు.
ఎల్స్‌పెత్ ప్లేటు ముందుకి జరిపి
"మాడిన అంచు నాకు" అంది.

జనవరిలో పొద కిందనుంచి చిగురేసింది.
దడి ఇంకా తియ్యలేదు.