నాలుగో గడి

చేపలకు పొద్దు పుట్టించేది నేనే.
ఏడింటికి స్విచ్చి వేస్తే
మూడు వందల గాజుతొట్లలో ఒక్కసారే తెల్లవారుతుంది.
వెలుగు తగలగానే గుడ్లు పెడతాయవి,
ఆవగింజకన్నా చిన్నవి,
లోపలి గుండె బయటికి కనిపించేవి.

వీటి పుట్టిల్లు గంగ పారే చోటి వరిమళ్ళట.
ఇప్పుడిక్కడ ఆల్బుకర్కీలో,
వాన మాటెత్తితే ఆకాశం మొహం తిప్పుకునే ఊళ్ళో
కాపురం చేస్తున్నాయి.
ఆ సంగతి చెప్పింది డాక్టర్ లూదివీనా ఆర్చులేటా.

ఆమె పని రక్తనాళం గోడ.
ఇటుకలుండవు ఆ గోడలో,
ఒకదాని రెక్క ఒకటి పట్టుకున్న కణాలుంటాయి.
ఆ పట్టు నిలపడానికో ప్రోటీను.
దాన్ని రాసిన వాక్యంలో ఒక్క అక్షరం తారుమారైతే
నడిమధ్యన చుక్క పడుతుంది.
మాట అక్కడితో సరి.
మెదడులో సన్నని నాళాలు ఉబ్బి
మల్బరీ పళ్ళలా గుత్తులు కడతాయి,
ఊరుతుంటాయి.
కొందరికి ఎనభై ఏళ్ళొచ్చినా తెలియనే తెలియదు.
మా చిన్నాన్న బెలార్మీనో మాత్రం
గొర్రె బొచ్చు కత్తిరిస్తూ కత్తిరిస్తూ
కత్తెర వదలకుండానే పక్కకు ఒరిగాడు.
గొర్రె సగం బొచ్చుతో పారిపోయింది.
దాన్ని పట్టుకోవడానికి నన్ను పంపారు. నాకప్పుడు తొమ్మిది.

మా లోయలో దీన్ని తలరాత అనేవాళ్ళు.
ఆ మాట చెప్పినప్పుడు ఆమె నవ్వలేదు.
"రాతే, ఒనోఫ్రే. చదవడం నేర్చుకుంటున్నాం, అంతే."

ఆమెదీ మా లోయే, ఏటికి అవతలి గట్టు.
వెనకాల కొండలకు క్రీస్తు నెత్తురని పేరు.
మాది మట్టి చర్చి.
ఏటా జూన్‌లో గడ్డి తరిగి, బంకమట్టి తొక్కి
ఆడవాళ్ళు అరచేతులతో గోడలు మెత్తుతారు.
ఒక్క ఏడు ఏమరితే వాన వేలు దూరుస్తుంది.
మోచేతుల దాకా బురదతో ఆమె నిచ్చెన మీద నిలబడి
"ల్యాబులోనూ ఇదే పని,
కాకపోతే అక్కడ గోడ కనబడదు" అనేది.

మొన్న శుక్రవారం సాయంత్రం.
జెల్ పలకలో మొదటి మూడు గడులు జబ్బు కుటుంబాలవి.
నాలుగోది పోల్చి చూడటానికి, ఏ జబ్బూ లేని మనిషి నెత్తురు.
తెచ్చిన నమూనా పాడైందని
ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచింది.
"నాదుందిగా."

జబ్బుంటే రెండు గీతలు. లేకుంటే ఒకటి.

నాలుగో గడిలో రెండు.

గొట్టాలు మారిపోయాయేమో అంది.
మళ్ళీ తీయించుకుంది.
ఏది ఎవరిదో తనకు తెలియకుండా
నన్నే అంకెలు వేయమంది.
వేశాను. నా దస్తూరీ అంత కుదురుగా ఎప్పుడూ లేదు.
రాత్రి పదకొండింటికి దీపం కింద పలక పెట్టి
"ఏడో అంకె ఎవరిది?" అని అడిగింది.

నేను చెప్పనక్కర్లేకపోయింది.

ఏడవలేదు. చేతులు కడుక్కుంది,
మామూలుకన్నా ఎక్కువసేపు.
నోటుపుస్తకంలో తేదీ వేసి
"కొత్త కంట్రోల్ కావాలి" అని రాసింది.
తల ఎత్తి నా ముంజేతి వైపు చూసింది.
ఇరవై ఏళ్ళుగా ఇదే భవనంలో తిరుగుతున్నాను,
ఒక్క చుక్క ఇచ్చిన వాణ్ణి కాదు.
"నన్ను ఏ గడిలో వేస్తారో
నాకూ తెలియదు డాక్టర్" అన్నాను.
ఆమె కలం మూత పెట్టింది.

తెల్లారి నేనొచ్చేసరికి
చీకట్లో తొట్ల మధ్య స్టూలు మీద ఉంది.
ఇంటికి వెళ్ళిందో లేదో అడగలేదు.
స్విచ్చి మీద వేలు పెట్టాను.
"ఇంకా నాలుగు నిమిషాలుంది.
ఏడు కానీ," అంది.
"వాటి వేళ చెడగొట్టకు."

ఇద్దరం ఆగాం.
చీకట్లో నీటి చప్పుడు.
నేను చొక్కా చెయ్యి మడుస్తున్నాను.