డెక్ ఎత్తిన రోజు

ముందు రబ్బరు పట్టీ లాగాం.
చచ్చిన పాములా పొడుగ్గా ఇసకలో పడింది.
దాని కింద జానెడుకొకటి స్క్రూలు,
నూట ముప్ఫై ఆరు. షఫీకుల్ లెక్క రాశాడు
సిగరెట్ పెట్టె అట్ట మీద.
సగం తలలు చేతికే ఊడిపోయాయి,
మిగతావాటికి గ్రైండరు.

ఉమ్ అల్ కువైన్‌లో ఆగస్టు.
పొద్దున ఏడింటికే ఇనుము ముట్టుకోలేం.
ఫైబరు నూగు చెమటలో దిగి
మోచేతి మడతల్లో దూలగొండి రాసినట్టు.
కడిగితే పోదు, గోకితే ఇంకా లోపలికి.
పౌడరు రాసుకోరా నూకరాజూ అంటాడు కుంజుమోన్,
ఎప్పుడూ అదే మందు.

నాలుగు బెల్టులు, ఒక చైన్ బ్లాకు.
గొలుసు బిగిసింది. పడవ మూలిగింది.
ముక్కు దగ్గర ఎక్కడో ఇంకా పట్టుకునే ఉంది.
ఆగాగు, అని కిందికి దూరి
సందులో కత్తి పోనిచ్చి కోశాను పాత గమ్ముని,
ముదిరిన తుమ్మజిగురు రంగు.
అప్పుడు లేచింది
అన్నం గిన్నె మీద మూతలా,
డీజిలూ ఎండుచేపా తడిచెక్కా కలిసిన ఆవిరితో.

డెక్ అడుగున ప్లైవుడ్డు నానిన అటుకులు.
పిడికిలి పడితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు.
అర్బాబ్ ఖల్ఫాన్ తొంగిచూశాడు.
తండ్రి వేటాడిన పడవ, కాసేపు మాట రాలేదు.
తర్వాత అడిగాడు: నీళ్లు ఎటునుంచి దిగాయి?

నేనప్పటికే చూశాను.
ఎడమ పక్క, వెనక క్లీటు, మూడో బోల్టు.
మిగతా మూడింటి చుట్టూ తెల్లటి గమ్ము ముద్ద.
దీనికి లేదు.

ఆ క్లీటు బిగించింది నేనే.
కొత్తగా దిగిన ఏడు, గురువారం సాయంత్రం,
ట్యూబు అయిపోయింది,
స్టోరు ఆ చివరెక్కడో ఉంది,
క్యాంపు బస్సు హారన్ కొడుతోంది.
ఒక్కటేగా, అనుకున్నాను.

పంతొమ్మిదేళ్లు ఆ ఒక్కటే తాగింది.
వాన పడని ఊళ్లో
రాత్రి మంచు కూడా వదల్లేదు.

పాత పడవ కదా అర్బాబ్, అన్నాను.
అబద్ధమైతే కాదు.
కుంజుమోన్ నా వైపు చూసి
గొలుసు వైపు తిరిగాడు.

సాయంత్రం సామాను అప్పజెప్పేటప్పుడు
డబ్బా కుదిపి మళ్లీ లెక్కపెడుతున్నాడు షఫీకుల్:
వెనక క్లీటు బోల్టులు మూడే ఉన్నాయి, భాయ్.
ఎక్కడో పడి ఉంటుందిలే, అన్నాను.
బస్సులో కూర్చున్నాక
తొడకు గుచ్చుకుంటోంది.