ఎడమ చెవి

డిసెంబరు. కిటికీలకి నల్లకాయితాలు.
దీపాలార్పమని టముకు వేసి పోయాడు వెట్టివాడు.
లాంతరు ఒత్తి బాగా తగ్గించి
ఇసాకు మేస్త్రి పాత సినిమా గుడ్డని తిరగేసి బిగించాడు.
అవిసెనూనెలో రంగులు కలపడం నా పని. పన్నెండేళ్ళు నాకు.

కుర్చీలో వేగేశ్న జగన్నాథరాజు గారు, సబ్‌మెరీన్ కమాండరు.
బోటు డాకులో ఉందని
మూడంటే మూడు రోజులు నరసాపురం వచ్చారు.
టౌను క్లబ్బు వాళ్ళ ఆర్డరు:
వెనకాల సముద్రం, పైన జెండా, కళ్ళల్లో నిప్పులు.

"సముద్రం వెయ్యకు మేస్త్రీ.
దాన్ని నేను చూసేది తక్కువ.
మా దాంట్లో కిటికీలుండవు."

మేస్త్రి గోధుమరంగు పులిమాడు,
వశిష్ఠ వరద తీశాక గోడ మీద మిగిలే రంగు.

"తల నిటారుగా బాబూ."
పెడతారు. కాసేపటికే
రాయి తీసేసిన త్రాసులా ఎడమకి ఒరిగిపోతుంది.
రెండు సాయంత్రాలు ఇదే గొడవ.

మూడోనాడు మాట మధ్యలో వేలెత్తారు.
మాకేం వినబడలేదు.
"సఖినేటిపల్లి పంటు. ఖాళీగా వస్తోంది.
ఒక సిలిండరు కొట్టడం లేదు."

చీకట్లో రేవుకి పరిగెత్తాను.
నిజంగానే ఖాళీ పంటు.
దీపం లేకుండా ఒడ్డుకి ఒరుసుకుంటూ
సరంగు అప్పలస్వామి
ఇంజను అమ్మనీ అక్కనీ తిడుతున్నాడు.

ఆ రాత్రి మేస్త్రి నిప్పుల కళ్ళు గీకేశాడు.
తల ఎడమకి వంచాడు.
తెల్లారేసరికి చెవి తమలపాకంత అయింది.

"వీరుడా వీడు? చాడీలు వింటున్నట్టున్నాడు!"
అన్నాడు క్లబ్బు సెక్రటరీ.
పదకొండు రూపాయల బాకీ నేటికీ బాకీయే.

పటం ఇంకా ఉంది, క్యారమ్స్ బల్ల వెనక.
ముసురు పట్టిన రోజుల్లో
తెల్ల చొక్కా జేబులోంచి
వెనకవైపు హీరోయిన్ పెదవి ఎర్రగా ఊరుతుంది.
చెద సగం ముఖం తిన్నది,
చెవి జోలికి పోలేదు.

యుద్ధం ఆగిందని రేడియో చెప్పిన ఎన్నాళ్ళకో
మేస్త్రి పేర ఒక కార్డు వచ్చింది.
పటం ఊసు లేదు, క్షేమం లేదు, ఒకటే వాక్యం:
పంటు ఇంజను బాగుచేశారా?

రేవుకెళ్ళి కనుక్కురమ్మన్నాడు మేస్త్రి.
వెళ్ళాను. బాగుచేశారు.

వచ్చి చెబుదును గదా, ఆయన కలం పట్టుకుని
కార్డుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాడు.
తేదీ చెమ్మకి అలుక్కుపోయింది.
జవాబు ఎక్కడికి రాయాలో
అందులో లేదు.