పది మార్కుల ప్రశ్న

కాజీపేట రైల్వే కాలనీ బడి. ఆఖరి పీరియడ్‌ల రాసిన పేపర్లు.
నవలలో ఆ పట్నంల నవ్వు నిషేధం.
రొట్టెలమ్మేటాయన పక్కింటి ముసలామె పేరు
చిట్టీ మీద రాసి సర్కారు డబ్బాల ఎందుకేసిండు?
కారణాలు విశ్లేషించండి.

ముప్పై ఎనిమిది మంది ఒకటే రాసిన్రు: భయం.
గైడ్‌ల ఉన్నది ఉన్నట్టు, కామా కూడ పోకుండ.

ఎర్రోజు నవత మాత్రం ఇట్ల రాసింది:

"సార్, నేను క్లాస్ లీడర్‌ని.
మీరు స్టాఫ్‌రూంకు పోంగనే
మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాస్త.
నాకెవరి భయం లేదు.
చాక్‌పీసు పట్టుకుంటే అందరు నా దిక్కే చూస్తరు,
అది మంచిగనిపిస్తది.
మొన్న గుగులోతు నందిని నోరే విప్పలే.
సర్వప్ప ముక్క నాకు పెట్టలేదని రాసిన.
రొట్టెలాయనకు కూడ
ఎవరో చాక్‌పీసు ఇచ్చి పోయినట్టుంది."

పదికి తొమ్మిదేసి ఆగిన.
ఆ రోజు నందినితోని ఎండల
యాభై గుంజీలు తీయించింది నేనే.
బోర్డు చదివిన.
పిల్లనైతే అడగలే.

కిటికీ అవతల బొగ్గు గూడ్సు పోతనే ఉంది.
ఎన్ని డబ్బాలో
నడుమల లెక్క తప్పింది.