తప్పిపోయినవారు: ఒకరు

ప్రమోషన్ ఫారంలో పదకొండో గడి:
ప్రచురించిన పత్రాలు. నలభై మూడు, రాశాను.
పన్నెండో గడి: సైటేషన్లు.
సిరొంచ దవాఖాన వెనక గదిలో
కరెంటు పోయి గంట దాటింది.
ఫోను వెలుగులో నన్ను నేను కూడుకుంటున్నాను.

అందరూ ఎత్తి రాసుకున్నది ఎలుకల మీది పత్రం,
ఆరువందల పన్నెండు సార్లు.
ఆ ఎలుకలు ప్రాణహిత నీళ్లు తాగినవి కావు.
పుణెలో ఏసీ గదిలో పుట్టి
అక్కడే, చెప్పిన తేదీకి చచ్చిపోయాయి.

పదిహేడో పత్రం ఈ ఊళ్లది.
కొడవలి కణాల కోసం
హాస్టలు పిల్లల వేలికొసల నుంచి తీసిన
నాలుగువందల చుక్కలది.
సిరొంచ ఎక్కడుందో పటం జతచేయమన్నాడు సమీక్షకుడు.
మూడు నదులు గీశాను. రోడ్డు గీద్దామంటే
ఆ ఏటి వానకి కొట్టుకుపోయింది.
జాగా చాలదని చివరికి పటమే తీసేశారు.
అచ్చయి ఎనిమిదేళ్లు. సైటేషన్లు రెండు.
అందులో ఒకటి నాదే.

రెండో పట్టిక అడుగున, చుక్కగుర్తు పక్కన,
చీమతలకాయలంత అక్షరాలు:
"ఫాలో-అప్‌లో తప్పిపోయినవారు: ఒకరు."
ఆత్రం లచ్చుబాయి. నమూనా రెండువందల పదకొండు.
తప్పిపోలేదు. వాళ్లమ్మ వెంట ఏరు దాటి
మిరపకాయ ఏరడానికి పోయింది.
నేనిచ్చిన పసుపు కార్డు బట్టల మూటలోనే ఉంది.

ఇవాళ పొద్దున ఓపీ వరసలో నిలబడింది,
చంకలో పిల్లాడు. నేను పోల్చుకోలేదు.
"ఏందమ్మా, నా నెత్తురు నీ బుక్కుల పడ్డదా?"
పడ్డదన్నాను.
"ఎవలన్న సదివిండ్రా?"
ల్యాబు పోశం నవ్వాపుకోలేక
మైక్రోస్కోపులోకి మరీ వంగాడు.

కార్డు తీసి చూపించింది. మడతల్లో చిరిగిన చోట
అన్నం మెతుకులతో అతికించింది.
మనువుకి ముందు ఏటూరునాగారంలో
వాడి వేలు కూడా గుచ్చించిందట.
ఎందుకంటే "డాక్టరమ్మ చెప్పింది" అని
అక్కడి నర్సుతో జగడమాడిందట.
అదే మాట చెల్లెలికీ చెప్పింది.
చెల్లెలు వినలేదు.
బిడ్డకి మూడేళ్లు, చలికాలమొస్తే
మోకాళ్లు పట్టుకుని రాత్రంతా ఏడుస్తుందట.

కరెంటొచ్చింది. ఫ్యాను గాలికి
ఫారం నేలమీద పడింది, బోర్లా.
రేపు మొదటి బస్సుకి తీసుకురమ్మన్నాను ఆ పిల్లని.
ఫారం గడువు కూడా రేపే.