పదకొండు మిల్లీమీటర్లు

పెట్టె జర్మనీ నుంచి వచ్చింది.
పొడుగ్గా, తేలిగ్గా, గాలపు కర్ర పెట్టెలా.
లోపల ఒక అల్యూమినియం కడ్డీ,
అటో చెవి, ఇటో చెవి,
చెవికి మూడేసి బోల్టు కన్నాలు.

"ఇది పడితే ముందు చక్రాలు రెండూ
ఒకే మాట మీద ఉంటాయక్కా"
అన్నాడు తమ్ముడు లాక్లన్.
మాంసం ఫ్యాక్టరీలో శీతల గదులు చూసి చూసి రిటైరై,
వచ్చిన డబ్బుతో ఎర్ర రెండు సీట్ల కారు కొన్న మనిషి.
నేను డునీడిన్ బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళు
బ్రేకుల కింద పడుకున్నదాన్ని.
మాట మీద ఉండే చక్రాన్ని ఇంతవరకూ చూళ్ళేదు.

జూన్ నెల. ఇక్కడ చలి ముదిరే నెల.
ఎనిమిదైనా పోర్ట్ చామర్స్ మీద వెలుగు లేదు.
కింద రేవులో క్రేన్లు
కంటైనర్లు దించుతున్న చప్పుడు.
షెడ్డులో ఉన్నది ఒక్కటే హీటరు,
దాన్ని లాక్లన్ కుక్క ఆక్రమించుకుంది.

బానెట్ ఎత్తాం.
ఎడమ టవర్ మీద కడ్డీ
సొంతింట్లో కూచున్నట్టు కూచుంది.
కుడి పక్క మాత్రం
బ్రేకు సిలిండర్ నూనె డబ్బా
మూతి పైకెత్తుకుని అడ్డం నిలబడింది.
దాని నెత్తిన ఆని కడ్డీ
కుంటి బల్లలా ఊగింది.

కొలిచాను. పదకొండు మిల్లీమీటర్లు.

తప్పు ఎవరిదీ కాదు.
ఆ దేశంలో డ్రైవరు ఎడమ పక్క కూచుంటాడు.
బ్రేకు అతని కాళ్ళ ముందుంటుంది.
ఈ కడ్డీని వంచినవాడు
కుడి పక్క ఖాళీ అనుకునే వంచాడు.
మేం ఆ ఖాళీలోనే బతుకుతున్నాం.

"డబ్బాని కొంచెం జరుపుదామా?"
"బ్రేకు జోలికొస్తే ఇప్పుడే ఇంటికి పోతా."
"పోనీ కడ్డీనే కాస్త కోస్తే?"
"కోశాక అది కడ్డీ కాదు, అలంకారం."
తర్వాత మాట్లాడకుండా టీ తాగాం.
చిన్నప్పుడూ మా గొడవలింతే,
టీ చల్లారే దాకా.

పాత పడవ ఇనుప పలక ఒకటి దొరికింది.
చెవుల కింద పెట్టడానికి రెండు ముక్కలు కోశాను.
టవర్ బోల్టులు పొట్టివైపోయాయి.
పొడుగువి తెప్పించేసరికి ఇంకో శనివారం పోయింది.

"ఇంత పైకి లేపితే బానెట్ తగలదూ?"
మనవరాలు కొరా ఆడుకునే ఆకుపచ్చ మట్టి తెచ్చి
గోళీలంత ఉండలు చేసి
కడ్డీ మీద వరసగా పెట్టాం.
బానెట్ మెల్లగా మూసి, మళ్ళీ ఎత్తాం.
నాలుగు ఉండలు అలాగే ఉన్నాయి.
ఐదోది నలిగి అప్పచ్చి అయింది,
నాలుగు మిల్లీమీటర్ల మందాన.
బానెట్ వణకడానికి అది చాలు.

నట్లు బిగించే ముందు జాకీ దించేశాను.
లాక్లన్‌కి అర్థం కాలేదు.
"గాల్లో ఉండగా బిగిస్తే
గాల్లో ఉన్న ఆకారమే దానికి గుర్తుంటుంది.
కాళ్ళు నేలకి ఆనాలి, బరువు పడాలి,
అప్పుడు చెయ్యి వెయ్యాలి."
ఈ మాట మా ముసలి ఫోర్‌మన్ తమాతీది.
ఆయన చెప్పింది బస్సు స్ప్రింగుల గురించే.
నేనే ఇంకేదో అనుకుని చాలా ఏళ్ళు మోశాను.

టార్క్ స్పానర్ టిక్కుమంది. ఆరుసార్లు.

అరమోవానా రోడ్డు.
ఒక పక్క కొండ, ఒక పక్క జానెడు గట్టు,
గట్టు కింద నీళ్ళు.
"తేడా తెలిసిందా? ఇప్పుడు? ఇప్పుడు?"
మలుపు మలుపుకీ అడిగాడు.
నాకు తెలిసిందల్లా
గ్లవ్ బాక్సు మూత గిలగిల మానిందని.
"ఆఁ" అన్నాను.

తిరిగొస్తుంటే నీళ్ళు నా వైపుకొచ్చాయి.
నేను కూచున్నది ఎడమ సీటు,
కడ్డీ చేసినవాడి లెక్కలో డ్రైవరు సీటు.
పెద్ద మలుపు దగ్గర లాక్లన్ వేగం తగ్గించలేదు.
నా కుడికాలు దానంతటదే
గట్టిగా కిందికి తొక్కింది,
ఇరవై రెండేళ్ళ అలవాటంతా పెట్టి.
అక్కడ రబ్బరు చాప తప్ప ఏమీ లేదు.

వాడు చూశాడు. నవ్వలేదు.
తర్వాతి మలుపుకి కాస్త ముందే
యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు.