ఐదు పిడికిళ్ల పిండి

అమ్మ రాసి పెట్టిన రొట్టె చీటీ
డెయిరీ రసీదు వెనక, పెన్సిలుతో,
అక్షరాలన్నీ గాలికి గడ్డిలా ఎడమకి ఒరిగి:
పొట్టు తీయని గోధుమపిండి ఐదు పిడికిళ్లు
తెల్లపిండి ఒకటి
సోడా, ఉప్పు, "నీకు తెలుసు"
మజ్జిగ, "చాలు అనిపించేదాకా."

నాకేం తెలుసు?
పదకొండు ఆదివారాలుగా కాలుస్తున్నాను.
పదకొండు రొట్టెలూ ఎండిన చెరువు పెళ్లల్లా విరిగాయి.
మొదటిదాన్ని అన్న ఫెర్గల్ టీలో ముంచుకుని తిన్నాడు,
పాపం, నా మొహం చూసి.
రెండోది కోళ్లకు వేశాడు.
ఇప్పుడు కోళ్లు కూడా
నేను గిన్నె పట్టుకుని వస్తే పెరడు దాటి పోతున్నాయి.

కన్సెప్టా పిన్ని ఫోనులో తీర్పు చెప్పింది:
"కొట్లో మజ్జిగ అయ్యుంటుంది.
అట్రాక్టా ఏనాడూ కొన్నది వాడలేదు."
మజ్జిగ మార్చాను. సోడా కొత్త డబ్బా విప్పాను.
ఫిన్‌టన్ తాత కంచె మీదుగా అరిచాడు:
"పైన సిలువ గాటు లోతుగా పెట్టాలమ్మాయ్,
గుట్ట కిందివాళ్లు లోపల చిక్కుకుంటే
బయటికి దారి కావొద్దూ!"
లోతుగానే పెట్టాను.
వాళ్లు వెళ్లిపోయారేమో గానీ
రాయి రాయిగానే మిగిలింది.

బెల్ములెట్‌లో ఫిబ్రవరి వాన
పైనుంచి పడదు, పక్కనుంచి వచ్చి కొడుతుంది.
పన్నెండో ఆదివారం
పొయ్యిలోకి పీటు పెళ్లలు తేవాలని
తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న
అమ్మ ఉన్ని చేతితొడుగులు లాక్కున్నాను.
ఎడమది ఎక్కింది.
కుడిది సగంలో ఆగిపోయింది.
ఉంగరపు వేలూ చిటికెన వేలూ
దూరాల్సిన చోట దారి లేదు.
లోపలికి మడిచి, నల్లదారంతో
సన్నగా, ఓపిగ్గా
కుట్టేసి ఉంది.

వాకిట్లోనే నిలబడిపోయాను, వాన మొహాన కొడుతున్నా.

ఆమెకి పదహారేళ్లప్పుడు
పశువులకి టర్నిప్ దుంపలు తరిగే చక్రంలో...
ఆ కథ ఇంట్లో ఎవరూ చెప్పలేదని కాదు,
మేమే ఎవరమూ వినలేదు.
మాకది చెయ్యి, అంతే.
జడ అల్లింది, జ్వరం చూసింది,
అబద్ధమాడితే చెంప మీద ఒకటిచ్చింది.
బళ్లో మొదటిరోజు టీచరు చెయ్యి చాపితే
ఇన్ని వేళ్లేమిటని
నేను ఏడ్చానట.

లోపలికొచ్చి తలుపేసి
కుడిచేతి చివరి రెండు వేళ్లూ అరచేతిలోకి మడిచి
పిండి సంచిలో చెయ్యి పెట్టాను.
ఆ ఖాళీలోంచి పిండి జారుతోంది.
జారనిచ్చాను.
ఒకటి. రెండు.
మూడోసారికే మడిచిన వేళ్లు తీపు పెట్టాయి.
నాలుగు.
ఐదు.
తెల్లది ఒకటి.
మజ్జిగ పోస్తుంటే, ఈసారి
ముద్దే చాలంది.

నలభై నిమిషాలు.
తిరగేసి అడుగున తట్టాను.
ఎవరూ లేని గది తలుపు తట్టినట్టు
బోలుగా మోగింది.
అలా మోగితేనే కాలినట్టు.
బట్టలో చుట్టి కిటికీ గట్టు మీద పెట్టాను.

ఫెర్గల్ బూట్లు విప్పకుండానే వచ్చి
మందంగా వెన్న రాసుకున్నాడు.
ఏమీ అనలేదు.
రెండో ముక్క కోశాడు. అంచు కూడా వదల్లేదు.
కిటికీ వైపు తిరిగి, చాలాసేపటికి,
"మజ్జిగ మార్చావా?" అన్నాడు.
మార్చానన్నాను.

రాత్రి చీటీ తీసి
ఐదు కొట్టేసి మూడున్నర అని దిద్దబోయాను,
రేపెవరైనా కాల్చుకోవాలి కదా అని.
పెన్సిలు ఆనించి, మళ్లీ తీసేశాను.

కొక్కెం మీది చేతితొడుగుల్ని మాత్రం
పిండి డబ్బా పక్కకి మార్చాను.